గిర్ని సప్పుడుల చదివింది యాదుంటలేదు, రూం మార్చాల్నా?

గ్రూప్స్_గోస
నల్లగొండ గడియారం సెంటర్ నుంచి నడిచిపోయేంత దూరంల రూం మాది. కింద పిండి గిర్ని, పైన మేం ఇద్దరం. కిరాయి తక్కువని దిగినం, ఎందుకు తక్కువనో దిగినంక ఎరుకైంది. పొద్దుగాల ఎనిమిదింటికి షట్టర్ లేస్తది, ఇగ మాపటిదాంక గర్ర్‌మని ఒక్కటే సప్పుడు. బల్ల మీద నీళ్ల గ్లాసు పెడితే నీళ్లు సన్నగ వణుకుతుంటయి. మిరపకాయలు పట్టిచ్చే రోజులైతే చదువుడు లేదు, తుమ్ముడే.

మూడు నెలల సంది తెలంగాణ చరిత్ర చదువుతున్న. విషయం అర్థమైతది, కథ లెక్క చెప్పమంటే చెప్త. వరుస మాత్రం యాదుండదు. మొన్న మాక్ టెస్టుల ఆసఫ్ జాహీలను, అంటే హైదరాబాద్ నిజాములను, వరుసగ పెట్టుమంటే నాసిరుద్దౌలా కంటె ముందు అఫ్జలుద్దౌలాను పెట్టిన. కాకతీయులల్ల మహాదేవుడు, గణపతిదేవుడు తారుమారు. ఆ సప్పుడు వినబడొద్దని చెవుల ఇయర్‌ఫోన్లు పెట్టుకొని పాటలు ఏస్కొని చదువుతున్న, అయినా ఫాయిదా లేదు.

సప్పుడుకు, యాదికి నిజంగ సంబంధం ఉన్నదా? లేకపోతే నా తెలివితక్కువకు గిర్ని మీద నెపం పెడుతున్ననా? నెలకు వెయ్యి ఎక్కువ పెట్టి రూం మారితే బాగుపడ్తనా?

చౌటుప్పల్_చాయ్
గిర్ని మీద కిరాయికి దిగి సప్పుడైతుందంటివి. రేపు చెరువు కింద ప్లాటు కొని తడిగ ఉన్నదంటవు.

పాలమూరోడు
మహబూబ్‌నగర్ జిల్లాల పుట్టినోళ్లం, ఆరో ఆసఫ్ జా ఎవరో మర్చిపోదమన్నా మర్చిపోం. మిగతా ఆరుగురి పేరు మీద గూడ తలా ఒక జిల్లా ఉంటే నీ పని అయిపోవు తమ్మి.

మిల్లోళ్ల_పిలగాడు
మాది మిర్యాలగూడ. రైస్ మిల్లు వెనక క్వార్టర్‌లనే పుట్టిన, అక్కడ్నే డిగ్రీ దాంక చదివిన. నాకు సప్పుడుంటేనే చదువొస్తది. రాత్రి కరెంటు పోయి మిల్లు ఆగితే ఉలిక్కిపడి లేస్తుంటి. గిర్నిది తప్పు కాదు భాయ్, అలవాటు కాలేదంతే.

దేవరకొండ_దోస్త్
ఎనిమిది గంటలు ఆ హోరుల కూసుంటే తలకాయ పనిచేస్తదా? అలవాటు, గిలవాటు ఏం లేదు. బ్యాగు తీస్కొని జిల్లా గ్రంథాలయానికి పో. ఫ్రీ.

గ్రూప్స్_గోస
@దేవరకొండ_దోస్త్ పోయిన అన్నా. తొమ్మిదింటికే కుర్చీల మీద కర్చీఫులుంటయి. మనిషి కంటె ముందు కర్చీఫు ప్రిపరేషన్ మొదలుపెడ్తుంది.

సైకాలజీ_మేడం
పాలమూరులో పిల్లలకు ఈ సబ్జెక్టే చెప్తాను, అందుకని కొంచెం పొడుగ్గా రాస్తున్నా. సప్పుడు ఎంత గట్టిగా ఉందన్నది ఇక్కడ పెద్ద లెక్క కాదు, ఎటువంటి సప్పుడన్నదే లెక్క.

1976లో కోల్, వెల్ష్ అని ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. కళ్ల ముందు ఒక్కో అక్షరం చూపించడం, తర్వాత అదే వరుసలో రాయమనడం. వెనక ఎవరో జర్మన్‌లో ఏదో చదువుతున్న టేపు పెట్టారు. కూర్చున్నవాళ్లకు జర్మన్ రాదు, పట్టించుకోవద్దని కూడా చెప్పారు. అయినా వరుసలు తప్పాయి. తర్వాత 1982లో సలామే, బాడ్లీ చూస్తే మాట చేసినంత నష్టం ఉత్త హోరు చెయ్యలేదు. 1990ల్లో కార్డిఫ్‌లో డిలన్ జోన్స్ వాళ్లు ఇంకో మెలిక పట్టుకున్నారు. మాటే కానక్కర్లేదు, మారుతూ ఉండే స్వరాలైనా చాలు. 'క, క, క, క' అని ఒకటే వినిపిస్తే పెద్దగా ఏమీ కాదు. 'క, మ, ట, ర' అని మారుస్తూ పోతే వరుస గల్లంతు.

ఎందుకంటే వరుసను మనం లోపల నోటితో పట్టుకుంటాం. పెదాలు కదలకుండానే "సికిందర్ జా, నాసిరుద్దౌలా, అఫ్జలుద్దౌలా" అని తిప్పుకుంటాం కదా, అదే. బయట నుంచి మారే శబ్దం వస్తే అదీ ఒక వరుసే. చెవికి మూత లేదు, మనం పిలవకపోయినా అది లోపలికొచ్చి కూర్చుంటుంది. రెండు వరుసలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. మెల్లగా మాట్లాడినా గట్టిగా మాట్లాడినా ఈ నష్టంలో పెద్ద తేడా రాదు.

మీకు కథ గుర్తుండి వరుస మాత్రమే తప్పుతోందన్నారు చూడండి, ఆ మాటే నన్ను పట్టుకుంది. నాకు అనుమానం గిర్ని మీద లేదు, మీ ఇయర్‌ఫోన్ల మీద ఉంది.

చౌటుప్పల్_చాయ్
అరె, కేసు మొత్తం తిరగబడ్డది. ఫిర్యాదుదారే ముద్దాయి.

గ్రూప్స్_గోస
మేడం, గిర్ని సప్పుడు తట్టుకోలేకనే గద పాటలు పెట్టింది! అవి తీస్తే గిర్ని వినబడ్తది.

సైకాలజీ_మేడం
వినబడనివ్వండి. అదే చెప్తున్నా.

పాట_లేంది_పొద్దుపోదు
నేనొప్పుకోను. నేను టెట్ రాసింది పాటలు వినుకుంటనే, క్వాలిఫై అయిన. నచ్చిన పాటైతే మనసు హుషారుగుంటది, హుషారుగుంటే తలకెక్కుతది. నచ్చని పాట డిస్టర్బ్ చేస్తదంటే ఒప్పుకుంట.

సైకాలజీ_మేడం
@పాట_లేంది_పొద్దుపోదు సరిగ్గా ఈ మాటనే 2011లో పెర్హమ్, విజార్డ్ పరీక్షించారు. నచ్చిన సంగీతం, నచ్చని సంగీతం, రెండూ వరుస జ్ఞాపకాన్ని దాదాపు ఒకే తీరుగా దెబ్బకొట్టాయి. ఏమీ లేనప్పుడు బాగా చేశారు. హుషారు కోసం వినాలనుకుంటే చదువుకు కూర్చోకముందు వినండి. బట్టీ పట్టేటప్పుడు ఆపండి. మీరు క్వాలిఫై అయింది పాటల వల్ల కాదు, పాటలున్నా అయ్యారు.

పాట_లేంది_పొద్దుపోదు
ఇంత మెత్తగ ఇంత గట్టిగ ఎవ్వరు తిట్టలే నన్ను ఇప్పటిదాంక 😄

పాలమూరోడు
మరి మోజార్ట్ వింటే పిల్లల తెలివి పెరుగుతదని మా బావ కడుపుల ఉన్న పిల్లకు స్పీకర్ పెట్టిండు. గదేంది?

సైకాలజీ_మేడం
అది 1993 నాటి ముచ్చట. 36 మంది కాలేజీ పిల్లలు, పది నిమిషాల మోజార్ట్, ఆ తర్వాత కాగితాన్ని మడిచి కత్తిరిస్తే ఎలా కనిపిస్తుందో ఊహించే లాంటి లెక్కల్లో కాసేపు కొంచెం మెరుగు. పది పదిహేను నిమిషాల్లో అదీ పోయింది. జ్ఞాపకంతో సంబంధం లేదు, కడుపులో పిల్లలతో అసలే లేదు. మీ బావగారికి చెప్పకండి, స్పీకర్ డబ్బులు ఎలాగూ రావు.

మిల్లోళ్ల_పిలగాడు
మేడం మీద గౌరవంతోనే ఒక మాట. గిర్నిది 'ఒకే తీరు సప్పుడు' అనుడు గిర్ని చూడనోళ్లు చెప్పే మాట. గింజ పడుతున్నప్పుడు బరువుగ, మందంగ ఉంటది. పై డబ్బల గింజ అయిపోవస్తుంటే సప్పుడు సన్నబడి పైకి లేస్తది. మా నాయిన మిల్లుల వేరే పని చేస్కుంటనే "అరె, ఖాళీ తిరుగుతున్నది చూడుండ్రి" అని కేకేస్తుండె. బెల్టు జారితే ఒక సప్పుడు, జల్లెడ చిరిగితే ఇంకో సప్పుడు. ఇరవై ఏండ్లు విన్నంక అది నాకు మాట లెక్కనే.

ఇంకోటి. నాకు అలవాటైందని పైన గొప్పగ రాసిన గని, నాయినకు ఇప్పుడు కుడి చెవి వినబడదు. ఫోన్ల మాట్లాడితే ఎడమ చెవికే పెట్టుకుంటడు.

సైకాలజీ_మేడం
ఇది బాగా చెప్పారు, నేను దిద్దుకుంటున్నా. మారిన క్షణంలో అది మారే శబ్దమే, మిగతా సేపు కాదు. గిర్నిలో మార్పు కొన్ని నిమిషాలకోసారి వస్తే పాటలో సెకనుకు నాలుగుసార్లు వస్తుంది. చెవి సంగతి వేరే, అది జ్ఞాపకం కంటే పెద్దది. 85 డెసిబెల్స్ దగ్గర రోజూ ఎనిమిది గంటలు ఉంటే వినికిడికి ముప్పు మొదలవుతుందని లెక్క. ఆ పైన ప్రతి మూడు డెసిబెల్స్‌కూ సగం టైమే. పై అంతస్తు రూములో అంత ఉండకపోవచ్చు. మిల్లులో నిలబడి పనిచేసేవాళ్లు మాత్రం చెవులకు ప్లగ్గులు పెట్టుకోవాలి.

జడ్చర్ల_అమ్మ
మా పాప ఐదో తరగతి. బడి రైలు పట్టాల పక్కనే, బండి పోయినప్పుడల్లా టీచర్ ఆగి మళ్లీ మొదలుపెడ్తది. మీరందరు పరీక్షలు రాసేటోళ్లు, ఏం తప్పుతుందో మీకు తెలుస్తది. చిన్నపిల్లలకు ఏమైతదో ఎవరన్న చెప్పుండ్రి.

సైకాలజీ_మేడం
@జడ్చర్ల_అమ్మ మీ బడి లాంటి బడి మీదే పేరుమోసిన పరిశీలన ఉంది. న్యూయార్క్‌లో ఒక బడి పక్కనుంచి ఎత్తైన వంతెన మీద రైళ్లు పోయేవి. 1975లో బ్రోన్‌జాఫ్ట్, మెకార్తీ చూస్తే పట్టాల వైపు గదుల్లో చదివే పిల్లలు అవతలి వైపు పిల్లల కంటే చదవడంలో వెనకబడ్డారు, పై తరగతులకొచ్చేసరికి తేడా దాదాపు ఏడాది చదువంత. తర్వాత పట్టాల కింద రబ్బరు మెత్తలు వేసి, గదుల కప్పుకు శబ్దం పీల్చుకునే పలకలు పెట్టారు. 1981లో మళ్లీ చూస్తే తేడా పోయింది.

మ్యూనిక్‌లో 1992లో పాత విమానాశ్రయం మూసి కొత్తది తెరిచినప్పుడూ ఇట్లాగే. పాతదాని దగ్గరి పిల్లల చదువు, జ్ఞాపకం కోలుకున్నాయి, కొత్తదాని దగ్గరి పిల్లలవి తగ్గాయి. అంటే పోయింది తిరిగొస్తుంది, అది మంచి మాట. పాపను పట్టాలకు అవతలి వైపు గదిలో కూర్చోబెట్టమని అడగండి.

జడ్చర్ల_అమ్మ
గది మార్చుడు మా చేతిల లేదు గని, తల్లిదండ్రుల మీటింగుల ఆ 1981 ముచ్చట చెప్త. థాంక్స్ అక్కా.

విద్వద్గద్వాల
ఇంతసేపు జర్మన్ టేపులు, న్యూయార్క్ రైళ్లు తిరిగొచ్చారు, ఇంట్లో ఉన్నది ఎవరూ చూడలేదు. అవధానం! అవధానిని ప్రశ్నలడిగే ఎనిమిది మంది పృచ్ఛకుల్లో ఒకాయన పనే అప్రస్తుత ప్రసంగం. అవధాని పద్యపాదం కడుతుంటే మధ్యలో దూరి "అయ్యా, మీ ఇంట్లో వంకాయ కూరకు ఉప్పెవరు వేస్తారు" అంటాడు, అవధాని జవాబు చెప్పి తీరాలి. ఇంకోపక్క ఘంటాగణనం, ఎప్పుడుపడితే అప్పుడు గంట కొడతారు, ఎన్ని కొట్టారో లెక్క ఉంచుకోవాలి. వ్యస్తాక్షరిలో ఒక వాక్యంలోని అక్షరాలు 'పదమూడోది తి, నాలుగోది మ' అని చెదరగొట్టి చీటీల మీద ఇస్తారు, ఆఖర్న వాక్యం మొత్తం వరుసగా చెప్పాలి. చివర ధారణ: పద్యాలన్నీ మొదటి నుంచి అప్పజెప్పడం.

మేడం చెప్పిన ప్రయోగం మనవాళ్లు సభ పెట్టి, శాలువా కప్పి చేశారు. కవులను ఆదరించిన సంస్థానం కాబట్టే మా ఊరిని విద్వద్గద్వాల అన్నారు, ఊరికే కాదు.

దేవరకొండ_దోస్త్
సార్, అవధాని ఏండ్లకేండ్లు సాధన చేసినోడు. మావోడు మూడు నెలల సంది నాసిరుద్దౌలా కాడ ఇరుక్కున్నడు. పోలిక ఎక్కడిది?

విద్వద్గద్వాల
పోలిక కాదు, కిటుకు చెప్తున్నా. అవధాని ఉత్త అక్షరాలు మోయడు, ఛందస్సులో మోస్తాడు. గణం, యతి, ప్రాస ఉంటే ఒక పదం జారినా దాని చోటు ఖాళీగా కనిపిస్తుంది, అక్కడ వేరే పదం పట్టదు. ఉత్త జాబితాకు ఆ కాపలా లేదు. నిజాముల జాబితాను ఏదో ఒక నడకలో పెట్టమనండి.

సూర్యాపేట_సిస్టర్
నడక అంటే మాకు బతుకమ్మనే 😀 పట్టు తమ్మి:

ముల్కు పోయి నిజామలీ ఉయ్యాలో
సికిందరెనుక నాసిరొచ్చె ఉయ్యాలో
అఫ్జలెనుక మహబూబు ఉయ్యాలో
ఉస్మానుతోటి ఆఖరాయె ఉయ్యాలో

ముల్కు అంటే నిజాముల్ముల్క్. ఏడుగురు దిగిండ్రు, నాలుగు సుట్లు తిరిగితే చాలు.

పాట_లేంది_పొద్దుపోదు
చూసిండ్రా! పాట వినొద్దన్నరు, ఆఖరికి పాటే పాడిస్తున్నరు.

సైకాలజీ_మేడం
వేరే వాళ్ల పాట చెవిలో పడితే మీ వరుసకు అడ్డం. మీ వరుసే పాటైతే అండ. అక్కగారు నాలుగు లైన్లలో చేసింది నేను అంత పోస్టులో చెయ్యలేకపోయా.

నైట్_డ్యూటీ_నర్స్
ఒక డౌట్. అంత నిశ్శబ్దంల చదివి ఎగ్జామ్ హాల్‌కు పోతే అక్కడ ఫ్యాన్ కిర్రుకిర్రు, బయట పెండ్లి బ్యాండు. నాకు గట్లనే అయింది, మొత్తం ఖాళీ. అలవాటు కోసమన్న కొంత సప్పుడుల చదవాలె గద?

సైకాలజీ_మేడం
మీ డౌట్‌కు ఆధారం ఉంది. 1998లో అమెరికాలో నలభై మంది వరకు చేత ఒక వ్యాసం చదివించారు, సగం మందికి నిశ్శబ్దంలో, సగం మందికి క్యాంటీన్ గోల టేపుతో. పరీక్ష కూడా కొందరికి అదే స్థితిలో, కొందరికి మార్చి పెట్టారు. ఎందులో చదివారో అందులోనే రాసినవాళ్లు బాగా చేశారు. నీళ్లలో నేర్చుకున్న మాటలు గజ ఈతగాళ్లకు నీళ్లలోనే బాగా గుర్తొచ్చాయన్న 1975 ప్రయోగం ఇంకా పేరున్నది, కాకపోతే 2021లో మళ్లీ చేస్తే ఆ ఫలితం రాలేదు. అందుకని దీన్ని నెత్తికెత్తుకోవద్దు. పరీక్ష హాలు మామూలుగా నిశ్శబ్దంగానే ఉంటుంది కాబట్టి మాక్ టెస్టులు నిశ్శబ్దంలో రాయండి, అంతవరకే.

నైట్_డ్యూటీ_నర్స్
ఓకే. పెండ్లి బ్యాండు సిలబస్‌ల లేదన్నమాట.

పాలమూరోడు
అసలు ఇండ్ల మధ్యల గిర్ని పెట్టొచ్చా? 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నియమాలల్ల నివాస ప్రాంతానికి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ అని ఉంటది. మైకులైతే రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాంక బంద్. కంప్లైంట్ కొట్టు తమ్మి.

గ్రూప్స్_గోస
@పాలమూరోడు కంప్లైంటా! నెలాఖరుకు పైసల్లేకపోతే జొన్నపిండి ఇచ్చేది ఆయనే. మొన్న వినాయక చవితప్పుడు తొమ్మిది రోజులు డీజే కొట్టిండ్రు, అప్పుడు ఏ రూలు కనబడలే. గిర్ని రాత్రి ఎనిమిదింటికే బందైతది.

సరే గని, నేను ఒక పని చేసిన. రూంమేట్‌ను కూసోబెట్టి అట్టముక్కల మీద అంకెలు రాయించిన. సెకనుకొకటి చొప్పున తొమ్మిది అంకెలు చూపిస్తడు, అయిపోయినంక నేను వరుసగ రాయాలె. ప్రతిసారి కొత్త అంకెలు. ఒక్కో తీరుకు పదిసార్లు. ఒక్కటి తప్పినా సున్నా. లెక్క గిది:

గిర్ని బంద్, రాత్రి: పదిల 7
గిర్ని నడుస్తుంటే, చెవుల ఏం లేకుంట: 6
తెలుగు పాటలు: 3
తమిళ పాటలు (నాకు ముక్క రాదు): 3
రూంమేట్ ఫోన్ల క్రికెట్ కామెంటరీ: 2

తమిళం కాడ నాకు దిమ్మతిరిగింది. అర్థంగాని పాట ఏం చేస్తదిలే అనుకున్న.

మిల్లోళ్ల_పిలగాడు
ఆ గిర్నిల తప్పిన నాలుగుసార్లు గింజ అయిపోయినప్పుడేనా? నిజం చెప్పు.

గ్రూప్స్_గోస
అది రాసుకోలే అన్నా. ఒకసారి మాత్రం ఎవరో కింద "మావి జొన్నలు, గోధుమలు కాదు" అని కొట్లాడుతున్నరు, అప్పుడు తప్పిన. అది పక్కా.

దేవరకొండ_దోస్త్
పదిసార్లతోని సైన్స్ అయిపోయిందా? రాత్రి అలిసిపోయి ఉంటవు, పగలు తాజాగ ఉంటవు. కామెంటరీ ఆఖర్న పెట్టుంటవు, అప్పటికి బోర్ కొట్టి ఉంటది.

సైకాలజీ_మేడం
@దేవరకొండ_దోస్త్ అభ్యంతరం న్యాయమే. ఏడుకూ ఆరుకూ తేడా ఉందని ఎవరూ చెప్పలేరు. ఆరుకూ మూడుకూ కూడా పది సార్లతో ఒట్టేసి చెప్పలేం. రోజు మార్చి, వరుస తిప్పి ఇంకో నాలుగుసార్లు చేస్తే నమ్ముతా. కానీ జర్మన్ రానివాళ్లకు జర్మన్ చేసిన పని మీకు తమిళం చేసింది చూడండి, ఆ ముక్క నాకు ముచ్చటేసింది. రేపు క్లాసులో చెప్తా, మీ పేరు చెప్పను.

నైట్_డ్యూటీ_నర్స్
మా తమ్ముడు ఒక్క నిమిషం కుదురుగ కూసోడు. ఫోన్ల వాన సప్పుడు పెట్టుకుంటేనే చదువుతడు. అది గూడ తీసేయాల్నా?

సైకాలజీ_మేడం
వద్దు, ఉంచండి. వాన సప్పుడు మారని హోరే. 2007లో స్వీడన్‌లో ఏకాగ్రత లోపం ఉన్న పిల్లలకు అట్లాంటి హోరు వినిపిస్తే గుర్తుపెట్టుకోవడం మెరుగైంది, లోపం లేని పిల్లలకు మాత్రం తగ్గింది. మీ తమ్ముడికి ఏదో ఉందని నేననడం లేదు. పనిచేస్తుంటే ఎందుకు తీయాలి?

సూర్యాపేట_సిస్టర్
గోస తమ్మి, ఇంతకు రూం మారుస్తున్నవా లేదా? నా పాట యాదున్నదా?

గ్రూప్స్_గోస
మారుస్తలే అక్కా. షట్టర్ లేవకముందు ఐదింటి నుంచి ఎనిమిది దాంక వరుసలు, సంవత్సరాలు, ఆర్టికల్సు. గిర్ని నడిచేటప్పుడు చదివి అర్థం చేస్కునేటివి, పాత పేపర్లు. ఇయర్‌ఫోన్లు రూంమేట్ పెట్టెల పెట్టి తాళం ఏసిన, తాళంచెవి వాని కాడ.

నీ పాట సంగతి అడగకు. నిన్న పదకొండింటికి గిర్ని సప్పుడును మించి వినబడాలని గట్టిగ పాడుకుంట తిరుగుతున్న. నడుమ కరెంటు పోయింది. గిర్ని ఆగింది, నేను ఆగలే. "సికిందరెనుక నాసిరొచ్చె ఉయ్యాలో" అని కింద లైన్ల నిలబడ్డోళ్లందరికి ఇనబడ్డది. నవ్వుడు ఇనబడి కిటికీల నుంచి తల తీసేసుకున్న. మాపటికి నీళ్లకు దిగితే గిర్ని పెద్దనాయిన పిండి దులుపుకుంట అడుగుతున్నడు, "బిడ్డా, నాసిరెనుక ఎవరొచ్చిండ్రు? సగంల ఆపితివి."

చౌటుప్పల్_చాయ్
ఆయన గూడ గ్రూప్స్ రాస్తడేమో, హాల్ టికెట్ ఉన్నదా అడుగు.

దేవరకొండ_దోస్త్
ఆ బిల్డింగుల ఇంకో రూం ఏమన్న ఖాళీగున్నదా తమ్మి? గ్రంథాలయంల నా కర్చీఫు ఎవడో ఎత్కపోయిండు.